పది నిమిషాల్లో పిల్ల బుర్ర తెలుస్తదా?

ఈసారి ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుల లిస్టు చూశారా? అందులో నాలుగు టీములు ఒకటే పని ఎత్తుకున్నాయి. పేర్లు వేరు, లోగోలు వేరు, పని మాత్రం ఒకటే. పిల్లాడి చేతికి ఫోన్ ఇచ్చి పది నిమిషాలు ఆట ఆడించాలి, ఆట అయిపోగానే డిస్లెక్సియా ఉందా, ఏడీహెచ్‌డీ ఉందా, తెలివిలో లోటు ఉందా అని యాప్ చెప్పాలి. ఆకుపచ్చ వస్తే మంచిది, ఎరుపు వస్తే డాక్టర్‌ దగ్గరికి. ఒక టీమ్ స్లైడ్ మీద "95 శాతం యాక్యురసీ" అని పెద్ద అక్షరాలతో రాసుకున్నారు. ఫీల్డ్ ట్రయల్ ఎక్కడ అని అడిగితే కొత్తకోట చుట్టుపక్కల బడుల్లో అన్నారు.

కొత్తకోట మా ఊరు. అందుకే ఈ వ్యాసం.

ముందే చెప్పేస్తా, నేను ఈ పరీక్షలకు వ్యతిరేకిని కాను. ఎందుకంటే మన బడుల్లో ఇప్పటికే ఒక పరీక్ష నడుస్తోంది. దానికి పది నిమిషాలు కూడా పట్టదు. రెండు సార్లు అడిగితే జవాబు చెప్పని పిల్లను వెనక బెంచీకి పంపుతారు, మూడోసారి అడగరు. "ఇది మొద్దు" అన్న తీర్పు జూన్‌లో వస్తే మార్చి దాకా మారదు. ఆ సున్నా నిమిషాల పరీక్ష కంటే పది నిమిషాల పరీక్ష ఎప్పుడైనా నయమే. కానీ ఎంత నయం, దేనికి నయం, ఎవరికి నయం అన్న ప్రశ్నలు మన స్లైడ్లలో కనబడట్లేదు.

అసలు ఈ పొట్టి పరీక్షల్లో ఏముంటాయి? కొన్ని అంకెలు చెప్పి తిరిగి చెప్పమంటారు, తర్వాత వాటినే వెనక నుంచి ముందుకు చెప్పమంటారు. బొమ్మ చూపించి పేరు అడుగుతారు. ఒక ఆకారం చూపించి గీయమంటారు. అక్షరాల వరుసలో ఒక అక్షరాన్ని మాత్రం కొట్టేయమంటారు. ఒంటికాలి మీద నిలబెడతారు. సెగ్యున్ ఫామ్ బోర్డు అని ఒక పాత చెక్క పలక ఉంది, పది ఆకారాల ముక్కలు, పది గుంతలు. పిల్లాడు మూడు సార్లు అమరుస్తాడు, అందులో అన్నిటికంటే తక్కువ పట్టిన టైమును వయసుతో పోల్చి చూస్తారు. మన దేశంలో క్లినిక్కుల్లో ఇప్పటికీ వాడుతున్నారు. చూడ్డానికి ఆటలాగే ఉంటుంది, జ్ఞాపకం, చూపు, చేయి, శ్రద్ధ అన్నీ కలిసి పనిచేస్తున్నాయా లేదా అన్నది కొంత తెలుస్తుంది. కొంతే.

వీటి చరిత్ర కూడా మనకు తెలిసి ఉండాలి. 1905లో పారిస్‌లో ఆల్ఫ్రెడ్ బినే, థియోడోర్ సిమోన్ కలిసి మొదటి తెలివి పరీక్ష తయారు చేసింది పిల్లలను వెళ్లగొట్టడానికి కాదు, మామూలు తరగతిలో చదువు అందని పిల్లలెవరో కనుక్కుని వాళ్లకు వేరే సాయం చేయడానికి. ఆ నంబర్ పిల్లాడి నుదుటి రాత కాదని బినే గట్టిగానే చెప్పాడు. అదే పరీక్షను హెన్రీ గొడార్డ్ అమెరికాకు తీసుకుపోయాడు. కొన్నేళ్లకే, 1912-13 ప్రాంతంలో, ఎల్లిస్ ఐలాండ్‌లో ఓడ దిగిన వలస జనం మీద ప్రయోగించి వాళ్లలో చాలామందిని మందబుద్ధుల లెక్కలో వేశారు. వారాల తరబడి ఓడలో వచ్చి, భాష రాక, దుబాసీని నడుమ పెట్టుకుని జవాబులు చెప్పిన మనుషులు వాళ్లు. అంటే పరీక్ష పుట్టిన పదేళ్లు నిండకుండానే దాని ఉద్దేశం తలకిందులైంది.

ఇక మన యాప్‌ల సంగతి. అంకెలు తిరిగి చెప్పే పరీక్షనే తీసుకోండి, అన్ని టీములూ పెట్టాయి. ఇంగ్లీష్‌లో ఒకటి నుంచి తొమ్మిది దాకా చెప్పుకుంటూ పోండి: వన్, టూ, త్రీ... సెవెన్ ఒక్కటి తప్ప మిగతావన్నీ ఒక్క దెబ్బకు అయిపోతాయి. మొత్తం 10 సిలబుల్స్. ఇప్పుడు తెలుగులో చెప్పండి: ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు, ఏడు, ఎనిమిది, తొమ్మిది. లెక్కపెట్టాను, 23. మన పని చేసే జ్ఞాపకం ఎన్ని అంకెలు పట్టుకుంటుంది అన్నది, ఆ పేర్లు మనసులో అనుకోవడానికి ఎంతసేపు పడుతుంది అన్నదాని మీద కూడా ఆధారపడుతుంది. 1980లో ఎల్లిస్, హెన్నెలీ అనే ఇద్దరు పరిశోధకులు వెల్ష్ భాష మాట్లాడే వాళ్ల మీద ఇదే చూపించారు. వెల్ష్‌లో అంకెల పేర్లు పలకడానికి ఎక్కువసేపు పడుతుంది, అందుకే ఆ భాషలో పరీక్ష పెడితే స్కోరు తగ్గింది. బుర్రలో తేడా లేదు, పేర్ల పొడవులో ఉంది. మన టీములు ఏం చేశాయి? ప్రశ్నలు తెలుగులోకి మార్చాయి, "ఈ వయసుకు ఇన్ని అంకెలు రావాలి" అన్న కటాఫ్ మాత్రం ఇంగ్లీష్ పిల్లలదే ఉంచాయి. అంటే ఆట మొదలు కాకముందే తెలుగు పిల్ల వెనకబడి ఉంది.

బొమ్మల పేర్లు ఇంకో కథ. ఒక యాప్‌లో బంగాళాదుంప బొమ్మ ఉంది. మా దిక్కు పిల్లలు ఆలుగడ్డ అంటరు. ఉల్లిపాయ కాదు ఉల్లిగడ్డ. గోంగూర కట్ట చూపిస్తే పుంటికూర. కత్తెర బొమ్మకు కైంచి. యాప్ వాయిస్ రికగ్నిషన్‌కు ఇవేవీ తెలియవు, "తప్పు" అని ఎర్ర గుర్తు వేస్తుంది. ఇది నేను ఊహించి రాయట్లేదు, డెమోలో ఫోన్ తీసుకుని నేనే "ఆలుగడ్డ" అన్నాను, తప్పు అన్నది. ఇరవై ఏళ్ల వయసులో నాకు పదజాల లోపం ఉన్నట్టు తేలింది. నవ్వుకున్నాం. ఏడేళ్ల పిల్లకు అదే వస్తే ఎవరూ నవ్వరు కదా.

ఇది తెలుగు ఇంట్లో పుట్టిన పిల్ల సంగతి. కొత్తకోట, వనపర్తి చుట్టూ తండాలు ఉన్నాయి. అక్కడి పిల్లలకు ఇంట్లో లంబాడీ భాష, సంతలో తెలుగు, బడిలో 2022-23 నుంచి సర్కారు బడుల్లో కూడా ఇంగ్లీష్ మీడియం. ఒకటో తరగతిలో కూర్చున్న పిల్ల మూడో భాషలో అడిగిన ప్రశ్నకు రెండో భాషలో ఆలోచించి జవాబు చెప్పే లోపు యాప్‌లో టైమర్ అయిపోతుంది. "రియాక్షన్ టైమ్ ఎక్కువ, శ్రద్ధ లోపం ఉండొచ్చు" అని రిపోర్టు. ఎల్లిస్ ఐలాండ్ సంగతి ఇందాక ఊరికే రాయలేదు.

డిస్లెక్సియా అనగానే మనందరికీ 2007లో వచ్చిన 'తారే జమీన్ పర్' గుర్తొస్తుంది. తెర మీద అక్షరాలు గిరగిరా తిరుగుతాయి. అప్పటి నుంచి అద్దంలో చూసినట్టు రాయడమే డిస్లెక్సియా అని జనంలో నాటుకుపోయింది. ఇంగ్లీష్‌లో 'బి', 'డి' తారుమారు అవుతాయి, నిజమే. తెలుగులో అద్దం బొమ్మలైన అక్షరాల జంటలు ఎన్ని ఉన్నాయి? మన పిల్లలు తడబడేది వేరే చోట. ప, వ, ష దగ్గర, మ, య దగ్గర, గుణింతాల దగ్గర, అన్నిటికంటే ఒత్తుల దగ్గర. ఒత్తు రాయకుండా వదిలేయడం, ఒక అక్షరం ఒత్తు పక్క అక్షరం కింద పెట్టడం. పైగా ఇంగ్లీష్‌కు 26 అక్షరాలైతే, మనకు అక్షరాలు, గుణింతాలు, ఒత్తులు కలిసి వందల రూపాలు. మన లిపికి తోబుట్టువైన కన్నడ మీద సోనాలీ నాగ్ చేసిన పరిశోధనలో తేలిందేమిటంటే, ఈ లిపుల్లో అక్షరాలు పూర్తిగా పట్టుబడడానికి పిల్లలకు ఏళ్లు పడుతుంది, నాలుగో తరగతిలో కూడా ఇంకా నేర్చుకుంటూనే ఉంటారు. కాబట్టి రెండో తరగతి పిల్లకు సంయుక్తాక్షరాలు రాకపోతే అది రోగం కాదు, రెండో తరగతి. మనేసర్‌లోని జాతీయ మెదడు పరిశోధన కేంద్రం వాళ్లు 2015లో 'డాలీ' అని భారతీయ భాషల కోసం పరీక్ష తయారు చేసినప్పుడు మొదట వచ్చినవి హిందీ, మరాఠీ, కన్నడ, ఇంగ్లీష్. ఒక్కో భాషకు విడిగా, ఆ భాష పిల్లల మీదనే కొలిచి కటాఫ్‌లు తేవాల్సి వచ్చింది. అది అనువాదంతో అయ్యే పని కాదు. గూగుల్ ట్రాన్స్‌లేట్‌తో అసలే కాదు.

సరే, భాష సమస్య మొత్తం సరిచేశాం అనుకుందాం. ఇప్పుడు లెక్క చూద్దాం. ప్రాబబిలిటీలో అందరం బేయిస్ సిద్ధాంతం బట్టీ కొట్టినవాళ్లమే, దాన్ని ఒక్కసారి బడికి తీసుకుపోదాం.

1000 మంది పిల్లలు ఉన్నారు. అందులో 50 మందికి నిజంగా ఆ సమస్య ఉంది అనుకుందాం. మన పరీక్ష చాలా బాగుంది, సమస్య ఉన్న పిల్లల్లో 90 శాతాన్ని పట్టుకుంటుంది, లేని పిల్లల్లో 90 శాతాన్ని వదిలేస్తుంది. పది నిమిషాల పరీక్షకు ఇది గొప్ప సంగతే. ఫలితం: 50లో 45 మంది దొరికారు, 5 మంది తప్పిపోయారు. సమస్య లేని 950లో పది శాతం, అంటే 95 మందికి కూడా ఎరుపు వచ్చింది. మొత్తం ఎరుపు 140. అందులో నిజం 45. అంటే ఎర్ర గుర్తు పడ్డ ప్రతి ముగ్గురిలో ఇద్దరు ఏ సమస్యా లేని పిల్లలు.

ఇక ఆ "95 శాతం యాక్యురసీ" గురించి. ఈ 1000 మంది మీదే ఇంకో యాప్ చేద్దాం. ఏ ప్రశ్నా అడగదు, ఎవరొచ్చినా ఆకుపచ్చే చూపిస్తుంది. 950 మంది విషయంలో అది చెప్పింది కరెక్టు. యాక్యురసీ ఎంత? 95 శాతం. కోడ్ ఒక్క లైను. నేను ఎవరినీ వెక్కిరించట్లేదు. మన రివ్యూ ప్యానెల్‌లో కూడా యాక్యురసీ ఎంత అని అడిగారే తప్ప, ఎరుపు వచ్చిన వాళ్లలో నిజంగా ఎందరు అని ఒక్కరూ అడగలేదు.

దీనికి మందు ఉంది, రెండో మెట్టు. ఆ 140 మందికే ఇంకో పరీక్ష, అంతే మంచిది, పెడితే 45లో 40 మంది నిలుస్తారు, 95లో 9, 10 మంది మిగులుతారు. ఇప్పుడు ఎరుపులో ఐదింట నలుగురు నిజం. అద్భుతం. కానీ ఈ లెక్కలో ఒక షరతు దాగి ఉంది, రెండు పరీక్షల తప్పులు ఒకదానితో ఒకటి సంబంధం లేనివై ఉండాలి. తండా పిల్ల మొదటి పరీక్షలో భాష వల్ల తప్పితే, రెండో పరీక్ష కూడా అదే భాషలో అదే ఫోన్‌లో ఉంటే, రెండో సారి కూడా అందుకే తప్పుతుంది. రెండు సార్లు తప్పింది కాబట్టి ఇంకా గట్టి నమ్మకంతో ఎర్ర గుర్తు వేస్తాం. అందుకే రెండో మెట్టు మనిషి కావాలి. పిల్ల భాష తెలిసిన మనిషి, పక్కన కూర్చుని అరగంట మాట్లాడే మనిషి.

ఆ మనిషి ముందుగా చూడాల్సింది మెదడు కాదు, చెవి. మా వీధి చివర ఒక పిల్ల ఉండేది. పిలిస్తే పలకదు, చెప్పింది చెయ్యదు, డిక్టేషన్‌లో సగం పదాలు వేరేవి రాస్తది. బడిలో మొద్దు అన్నారు, ఇంట్లో పొగరు అన్నారు. ఏళ్ల తరబడి చెవి కారుతుంటే వేడి నూనె పోశారు. ఎవరో చెబితే చెవుల డాక్టర్‌కు చూపించారు, ఒక చెవి దాదాపు పనిచేయట్లేదు, రెండోది అంతంత మాత్రం. ఇప్పుడు ముందు బెంచీలో కూర్చుంటది, చదువు మామూలుగా సాగుతోంది. మన యాప్ ఆ పిల్లకు ఏం చెప్పేది? హెడ్‌ఫోన్స్ పెట్టి అంకెలు వినిపించి, "జ్ఞాపక శక్తి తక్కువ" అనేది.

ఇదేదో అరుదైన సంగతి అనుకోకండి. 2018లో ప్లాస్ మెడిసిన్ పత్రికలో ఒక పెద్ద అధ్యయనం వచ్చింది. పల్వల్, కాంగ్రా, ఢెంకనాల్, ఉత్తర గోవా, మన హైదరాబాద్, ఈ ఐదు చోట్ల 2 నుంచి 9 ఏళ్ల పిల్లలు 3,964 మందిని చూశారు. మెదడు, నరాల ఎదుగుదలకు సంబంధించిన ఏదో ఒక సమస్య ఉన్నవాళ్లు ఆరేళ్ల లోపు వాళ్లలో 9.2 శాతం, 6 నుంచి 9 ఏళ్ల వాళ్లలో 13.6 శాతం అని లెక్క వేశారు. చిన్న సంఖ్య కాదు. వాళ్లు చూసిన సమస్యల్లో వినికిడి లోపం కూడా ఉంది, ఎక్కువగా కనబడ్డ వాటిలో అది ఒకటి. ఇంకోటి, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ఐదేళ్ల లోపు పిల్లల్లో 70 శాతం మందికి రక్తహీనత. రక్తం లేని పిల్ల పదకొండు గంటలకే సొమ్మసిల్లినట్టు కూర్చుంటది. దాని పేరు ఏడీహెచ్‌డీ కాదు. వీటికి తోడు మన పాలమూరు వలస ఉండనే ఉంది. తల్లిదండ్రులతో పాటు పని మీద పోయి మూడు నెలలు బడికి రాని పిల్లకు చదవడం రాకపోతే నరాల్లో ఏం వెతుకుతాం?

అయినా ఇక్కడిదాకా నేను రాసిందంతా పరీక్ష గురించే. అసలు ప్రశ్న పరీక్ష అయ్యాక మొదలవుతుంది. 1968లో విల్సన్, యుంగ్నర్ అనే ఇద్దరు ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం స్క్రీనింగ్ ఎప్పుడు చేయాలి అని పది సూత్రాలు రాశారు. ఇప్పటికీ అవే ఆధారం. అందులో సగం పరీక్ష గురించి కానే కాదు. ఆ సమస్యకు ఒప్పుకున్న చికిత్స ఉండాలి, నిర్ధారణకు, చికిత్సకు ఏర్పాట్లు అందుబాటులో ఉండాలి, ఒకసారి చేసి వదిలేయకుండా నిరంతరం సాగాలి. పుట్టిన బిడ్డ మడమ నుంచి ఒక్క రక్తపు చుక్క తీసి చేసే పరీక్ష 1960ల నుంచి నిలబడింది ఎందుకు? రాబర్ట్ గత్రీ ఆ చుక్కలో కనిపెట్టిన ఫినైల్‌కీటోన్యూరియాకు వెంటనే మొదలుపెట్టగల ఆహార నియమం ఉంది, మొదలుపెడితే మెదడు దెబ్బతినకుండా ఆగుతుంది. పరీక్ష వెనకాల పని సిద్ధంగా ఉంది.

కొత్తకోటలో ఎరుపు వచ్చిన పిల్ల వెనకాల ఏముంది? కాగితం మీద చాలానే ఉంది, అది కూడా న్యాయంగా చెప్పాలి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఒక బృందం, ఇద్దరు ఆయుష్ డాక్టర్లు, ఒక ఫార్మసిస్టు, ఒక ఏఎన్‌ఎం, అంగన్‌వాడీలకు ఏడాదికి రెండు సార్లు, సర్కారు బడులకు ఒకసారి రావాలి. పుట్టుకతో వచ్చే లోపాలు, పోషకాహార లోపాలు, జబ్బులు, ఎదుగుదలలో ఆలస్యం, మొత్తం 30 రకాలు చూడాలి. అనుమానం ఉన్నవాళ్లను జిల్లా స్థాయి సత్వర చికిత్స కేంద్రానికి పంపాలి. ఇది సర్కారు, ఎయిడెడ్ బడులకే. మెయిన్ రోడ్డు మీద బస్సులు పెట్టుకుని నడిచే ప్రైవేటు బడుల పిల్లలు ఈ లెక్కలో లేరు. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో చదువు సంబంధ లోపం కూడా ఉంది. దానికి సర్టిఫికెట్ ఎనిమిదేళ్లు నిండాకే ఇస్తారు, 14 ఏళ్లకు, 18 ఏళ్లకు మళ్లీ చూడాలి. మండలాల్లో ప్రత్యేక అవసరాల పిల్లల కోసం భవిత కేంద్రాలు ఉన్నాయి. 2022లో ఎన్‌సీఈఆర్‌టీ వాళ్లు టీచర్ల కోసం 'ప్రశస్త్' అనే యాప్ కూడా తెచ్చారు. అంటే మన నాలుగు టీములు కనిపెట్టబోయేది ఒక రూపంలో ఇప్పటికే ఉంది. లిటరేచర్ సర్వే చాప్టర్‌లో మాత్రం ఎవరికీ కనబడలేదు.

పెద్ద నిపుణులు కావాలంటే సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984 నుంచి జాతీయ సంస్థ ఉంది, మానసిక వికలాంగుల సంస్థ అని పాత పేరు, ఇప్పుడు ఎన్‌ఐఈపీఐడీ అంటున్నారు. మంచి సంస్థ. కొత్తకోట నుంచి దాదాపు 140 కిలోమీటర్లు. హైవే మీదనే ఊరు కాబట్టి బస్సుకు లోటు లేదు. కానీ తల్లి కూలి పోతుంది, తండ్రి వలసలో ఉంటే తోడు ఎవరూ ఉండరు, ఒక్క రోజులో పని అవుతుందన్న నమ్మకం లేదు. మన లెక్క ప్రకారం ఎరుపు వచ్చిన ముగ్గురు తల్లుల్లో ఇద్దరు ఈ 140 కిలోమీటర్లు ఊరికే తిరగాలి. తిరగకపోతే? అదే ఎక్కువగా జరుగుతుంది. పోరు. పిల్లకు పరీక్ష ఇచ్చింది ఒక్కటే, క్లాసులో అందరి ముందు ఫోన్ స్క్రీన్ మీద మెరిసిన ఆ ఎరుపు రంగు. ఇంతకు ముందు మొద్దు అని సారు అన్నాడు, ఇప్పుడు కంప్యూటర్ కూడా అన్నది. సారు మాటను కొట్టిపారేసే తల్లి కూడా కంప్యూటర్ మాటకు భయపడ్తది.

మనకు ఇది కొత్త అనుభవం కూడా కాదు. ప్లేస్‌మెంట్లలో మొదటి రౌండ్ ఆప్టిట్యూడ్ అంటే పొట్టి పరీక్షే. గంటలో 300 మందిని 40 చేస్తారు. మంచోళ్లు కొందరు పోయినా కంపెనీకి నష్టం లేదు, వాళ్లకు కావాల్సింది 40 మంది. వడపోత అంటే అదే. పిల్లల స్క్రీనింగ్ దీనికి పూర్తిగా ఉల్టా, ఇక్కడ ఎవరినీ పోనివ్వకూడదు. రెండింటికీ ఒకే రకం ప్రశ్నలు, ఒకే రకం టైమర్ ఉండడంతో మనం తేడా మరిచిపోతున్నాం.

ఒక చోట మాత్రం ఈ పొట్టి పరీక్షలు చాలా గట్టిగా పనికొస్తాయి, దాని గురించి మన టీముల్లో ఎవరూ ఆలోచించలేదు. ఒక్కో పిల్ల మీద తీర్పు చెప్పడానికి పది నిమిషాలు చాలవు. కానీ వందల మంది పిల్లల సగటు తీస్తే, విడివిడి పొరపాట్లు ఒకదానికొకటి చెల్లిపోయి, ఊరికీ ఊరికీ మధ్య తేడా బయటపడుతుంది. 1979లో అమెరికాలో హెర్బర్ట్ నీడిల్‌మన్ పిల్లల పాలపళ్లు సేకరించి వాటిలో సీసం ఎంతుందో కొలిచాడు, అదే పిల్లలకు తెలివి, శ్రద్ధ పరీక్షలు పెట్టాడు. సీసం ఎక్కువున్న పిల్లల స్కోర్లు సగటున తక్కువ. ఒక్కో పిల్లను చూస్తే ఏ డాక్టరూ రోగం అనలేనంత చిన్న తేడా. పెట్రోల్‌లో, రంగుల్లో సీసం తీసేయాలన్న వాదనకు అది పెద్ద బలమైంది. అక్కడ ఎర్ర గుర్తు పడింది సీసం మీద.

మన పక్కనే నల్లగొండ. మర్రిగూడ, మునుగోడు దిక్కు ఫ్లోరైడ్ నీళ్లు ఎముకలను ఏం చేశాయో ఫొటోల్లో అందరం చూశాం. పటిక, సున్నం కలిపి నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి నాగ్‌పూర్‌లోని నీరీ సంస్థ 'నల్లగొండ టెక్నిక్' అని పేరు పెట్టింది, ఒక జిల్లా పేరు అలా పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది. ఎముకలు, పళ్లు కంటికి కనబడతాయి కాబట్టి వాటి గురించి మాట్లాడాం. మెదడు సంగతి? 2024 ఆగస్టులో అమెరికా నేషనల్ టాక్సికాలజీ ప్రోగ్రామ్ అప్పటి దాకా వచ్చిన అధ్యయనాలన్నీ వడకట్టి, తాగే నీళ్లలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన ఫ్లోరైడ్‌కూ పిల్లల్లో తక్కువ ఐక్యూకూ సంబంధం ఉందని ఒక మోస్తరు నమ్మకంతో చెప్పింది. మన దేశంలో అనుమతించే గరిష్ఠ హద్దు కూడా 1.5నే. మిషన్ భగీరథ 2016లో మొదలయ్యాక నల్లా నీళ్లు వచ్చాయి. నీళ్లు మారకముందు, మారిన తర్వాత పెరిగిన పిల్లల్లో జ్ఞాపకం, శ్రద్ధ ఏమైనా మారాయా అన్నది పది నిమిషాల పరీక్షతో అడగదగిన ప్రశ్న. పేర్లు అక్కర్లేదు, ఎర్ర గుర్తు అక్కర్లేదు, ఏ పిల్లకూ ముద్ర పడదు. పిల్లలు బాగా లేరు అని కాకుండా బోరు బాగా లేదు అని చెప్పే పరీక్ష అది. ప్రాజెక్టుగా రాసుకోండి, నేను పేటెంట్ అడగను.

"అన్నీ సరిగ్గా కుదిరేదాకా ఆగితే పిల్లలు పెద్దయిపోతారు కదా" అని ఒక టీమ్ మేట్ నాతో వాదించాడు. బలమైన మాటే. నేను ఆగమనట్లేదు. యాప్ చేయండి, కానీ ఫలితం పిల్లకు చూపించకండి, క్లాసులో అసలే వద్దు. స్క్రీన్ మీద ఎరుపు, ఆకుపచ్చ తీసేయండి. "డిస్లెక్సియా అవకాశం 78 శాతం" అని రాయకండి, "ముందు చెవి, కన్ను, రక్తం చూపించండి, తర్వాత భవిత కేంద్రం టీచర్‌తో మాట్లాడండి" అని టీచర్‌కు మాత్రమే వెళ్లే ఒక మెసేజ్ చాలు. ఎరుపు వచ్చిన ప్రతి పిల్ల పేరు పక్కన ఇంకో గడి పెట్టండి: తర్వాత ఏమైంది? ఎవరైనా చూశారా, ఎప్పుడు చూశారు, ఏమన్నారు. ఆ గడి నెల రోజులు ఖాళీగా ఉంటే కొత్త పిల్లలకు పరీక్ష పెట్టనివ్వకుండా యాప్ ఆగిపోవాలి. టెక్నికల్‌గా ఒక ఇఫ్ కండిషన్, అంతే. నేను అడిగిన ముగ్గురూ "డెమోలో బాగుండదు" అన్నారు.

తెలుగు అంకెలకు మన పిల్లల మీదనే కొలిచిన కటాఫ్‌లు కావాలి. దానికి కోడింగ్ అక్కర్లేదు, ఓపిక కావాలి. ఏ సమస్యా లేని, మామూలుగా చదివే పిల్లలు కనీసం రెండు మూడు వందల మంది దగ్గర కూర్చుని, తల్లిదండ్రుల అనుమతి తీసుకుని, ఒక్కొక్కరూ ఎన్ని అంకెలు చెప్పగలరో రాసుకోవాలి. తండా పిల్లలకు వాళ్ల భాషలో, ఆ భాష వచ్చిన మన క్లాస్‌మేట్స్ అడగాలి. మన బ్యాచ్‌లోనే అలాంటి వాళ్లు ఉన్నారు, ఏ టీమ్ కూడా వాళ్లను పిలవలేదు. దసరా సెలవులకు మా ఊరు వస్తానంటే ఉండడానికి మా ఇల్లు ఉంది. ఆలుగడ్డ కూర, పల్లీల చట్నీ గ్యారంటీ. ఫోన్లు పక్కన పెట్టి, కాగితం, పెన్సిలు తెచ్చుకోండి.